డేగక్క చేతులు కట్టుకుంది

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె డేగక్క. ఆ పేరు కోపంతో పెట్టింది కాదు, అలాగని ముద్దుగా పెట్టిందీ కాదు. మిషన్ల వరసలు అయిపోయే చోట ఒక పొడవాటి బల్ల, దాని మీద తెల్లటి ట్యూబులైటు, ఆ లైటు కింద ఆమె. కుట్టిన ప్రతి చొక్కా పెట్టెలోకి వెళ్ళేముందు ఆమె చేతుల మీదుగా వెళ్ళాలి. కాలర్ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించేది. కాలర్ మొనలు సమానంగా ఉన్నాయా, కాజా పోగులు లేచాయా, జేబు ఓ పక్కకి ఒరిగిందా, చంక కింద కుట్టు జారిందా, అన్నీ ఆ ఒక్క చూపులో తేలిపోయేవి. తప్పు కనిపిస్తే బాణం ఆకారంలో ఉండే చిన్న ఎర్ర స్టిక్కరు తీసి, ముల్లు సరిగ్గా తప్పు వైపు చూసేలా అంటించి వెనక్కి పంపేది. మాట ఉండేది కాదు, తిట్టు ఉండేది కాదు. కుట్టిన మనిషికి ఆ బాణం చాలు.

"అక్కా, నీ కళ్ళకి ఆదివారమైనా సెలవిస్తావా?" అని గుండీలు కుట్టే అమ్మాయి అడిగితే, "రెప్పలున్నాయిగా, వాటికి అదే సెలవు" అనేది నవ్వుతూ.

ఇంటికి వచ్చాక కూడా ఆ కళ్ళు పని మానేవి కావు.

ఇల్లంటే మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు, వీధి మీదికి ఒక సన్నటి బాల్కనీ. భర్త బేకరీలో పిండి కలుపుతాడు. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తాడు, కనుబొమల్లో పిండి అలాగే ఉంటుంది. పిల్లలు ముగ్గురు. పెద్దమ్మాయికి పదకొండేళ్ళు, పుస్తకంలో తల దూర్చిందంటే పిడుగు పడ్డా లేవదు. నడిమివాడికి ఎనిమిదేళ్ళు, కాళ్ళకి చక్రాలు, నోటికి తాళం లేదు. చిన్నది ఈ ఏడే బడిలో చేరింది, ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు దానిదే.

ఆ ముగ్గురిలో ఒక్కరూ పుల్ల తీసి అవతల పెట్టరన్నది డేగక్క బాధ. సాయంత్రం ఆమె తలుపు తీసేసరికి గుమ్మంలో చెప్పులు గుట్టగా పడుండేవి. బడి సంచులు ఎక్కడ జారితే అక్కడే. తాగిన గ్లాసులు కిటికీ గట్టు మీద, మంచం కింద, ఒకసారైతే బట్టల బీరువాలో కూడా. ఆమె సంచీ దించకుండానే ఏరుకుంటూ వంటింటి దాకా నడిచేది. నడుస్తూనే మొదలుపెట్టేది.

"మీ వయసులో నేను ఇంటెడు చాకిరీ చేశాను. నీళ్ళు మోశాను, అంట్లు తోమాను. మీకేమో అమ్మంటే జీతం లేని మనిషి!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పెద్దది పేజీ తిప్పేది. నడిమివాడు అప్పటికే మెట్లు దిగిపోయుండేవాడు. చిన్నది మాత్రం "ఊఁ, తర్వాత ఏమైంది?" అని కథ విన్నట్టు వినేది.

తిట్టి లాభం లేదని ఆశ పెట్టి చూసింది. గ్లాసులు తీసినవాళ్ళకి చాక్లెట్టు అంది. రెండు రోజులు ఇల్లు అద్దంలా ఉంది. మూడో రోజు నడిమివాడు బేరానికి దిగాడు. "అమ్మా, నీళ్ళ సీసా నింపితే ఏమిస్తావు? మూత కూడా పెడితే ఇంకేమిస్తావు?" ఆ వారం చివర్లో "చెల్లి మీద కాలు వేయకుండా పడుకుంటే ఏమిస్తావు?" అని అడిగేసరికి ఆమె చాక్లెట్ల డబ్బా ఎత్తి అటక మీద పెట్టేసింది. తర్వాత పోటీ పెట్టింది, ఎవరు ముందు చేస్తే వాళ్ళు గొప్ప అని. చీపురు కోసం అక్కాతమ్ముళ్ళు కొట్టుకుని, దాని పిడి కాస్తా ఊడి చేతికొచ్చింది.

భర్త మంచం మీద పడుకుని ఇదంతా చూసి నవ్వేవాడు.

"నవ్వడం కాదు, ఒక మాట చెప్పొచ్చుగా మీరు?" అనేది ఆమె.

"నా మాట పిండి వింటుంది, పిల్లలు వినరు" అనేవాడు అతను. అని అటు తిరిగి పడుకునేవాడు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం, ఆ వారమంతా ఓవర్‌టైము చేసిన అలసటతో ఆమె కాస్త నడుం వాల్చింది. మెలకువ వచ్చేసరికి ముందుగదిలోంచి చిన్నదాని గొంతు ఖంగుమని వినిపిస్తోంది.

"ఆపు! ఇటు ఇవ్వు, చూడాలి!"

డేగక్క లేచి చప్పుడు కాకుండా గుమ్మం దగ్గరికి వెళ్ళింది. కుర్చీలు వరసగా వేసున్నాయి. చిన్నది ఒక కుర్చీ మీద నిలబడి ఉంది, ముక్కు మీద అమ్మ కళ్ళజోడు. చేతిలో ఎర్ర బాణాల స్టిక్కర్ల చుట్ట, ఫ్యాక్టరీలో వేసుకునే కోటు జేబులోంచి లాగినట్టుంది. ఎదురుగా నడిమివాడు నేల మీద కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతున్నాడు. పెద్దది మూలన గోడకి ఆనుకుని చదువుకుంటోంది.

వాడు తువ్వాలు మడిచి పైకి అందించాడు. చిన్నది దాన్ని కాలర్ పట్టుకున్నట్టు పట్టుకుని విదిలించింది. మడతంతా విడిపోయింది.

"తప్పు!" అని ఒక బాణం అంటించింది. "మళ్ళీ చెయ్యి!"

డేగక్కకి నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. పిల్ల విదిలింపు అచ్చం తనలాగే ఉంది, ఆ మెడ విరుపు కూడా. వాడు ఇంకో తువ్వాలు మడిచాడు. ఈసారి నాలిక బయటపెట్టి, అంచుకి అంచు కలిపి, అరచేత్తో సాపుచేసి మరీ ఇచ్చాడు. నిజంగానే బాగుంది.

చిన్నది అటూ ఇటూ తిప్పి చూసింది. తప్పు దొరకలేదు. ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీ మీంచి వంగి, బాణాన్ని వాడి చేతి మీద అంటించింది. "చెయ్యి తప్పు" అంది. ఇంకొకటి తీసి నుదుటి మీద అంటించింది. "అన్నయ్య మొత్తం తప్పు. వెనక్కి పంపేస్తా!"

వాడు పోట్లాడతాడనుకుంది డేగక్క. వాడు పోట్లాడలేదు. నుదుటి మీద బాణం అలాగే ఉంచుకుని, "నువ్వు సరిగ్గా అమ్మలాగే ఆడుతున్నావే" అన్నాడు మెచ్చుకోలుగా. తర్వాత పక్కకి తిరిగి, "అక్కా, నువ్వు కూడా రా, ముగ్గురం ఆడుకుందాం" అని పిలిచాడు.

"నేను ఆడను" అంది పెద్దది పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "మనం ఎంత బాగా చేసినా అమ్మ మళ్ళీ చేస్తుంది. ఆమాత్రం దానికి మనం చేయడం ఎందుకు?"

ఆ మాటలో కోపం లేదు. బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది.

డేగక్క నవ్వు మాయమైంది. అడుగు వెనక్కి వేసి మంచం మీద కూర్చుండిపోయింది. కిందటి వారం పెద్దది ఎవరూ చెప్పకుండానే ఇల్లు ఊడ్చింది. తను వచ్చి, చూసి, "అబ్బో, మా అమ్మే!" అంది. అంటూనే చీపురు తీసుకుని సోఫా వెనక దుమ్ము లాగింది. అప్పుడు ఆ పిల్ల మొహం ఎలా ఉందో తనకి గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కాదు, అసలు చూడలేదు. చొక్కా మీద పోగు లేస్తే బల్ల అవతల నుంచి కనిపెట్టే కళ్ళకి కన్నబిడ్డ మొహం కనబడలేదు.

ఆ సాయంత్రం బాల్కనీలో తడిబట్టలు పిండుతూ, పెద్దది అన్న మాట భర్తతో చెప్పింది. అతను గుమ్మానికి ఆనుకుని విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"పెళ్ళయిన కొత్తలో నేను అంట్లు తోమేవాణ్ణి, జ్ఞాపకం ఉందా?"

"మీరా? ఎప్పుడు?"

"అదిగో చూశావా! తోమేవాణ్ణి. తోమి బోర్లించేవాణ్ణి. నువ్వొచ్చి ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ కడిగేదానివి. ఇద్దరం ఒకే గిన్నె కడగడం ఎందుకులే అని మానేశాను." అతను నవ్వాడు గానీ ఆ నవ్వు ఎప్పటిలా లేదు. "తర్వాత అలవాటైపోయింది. సుఖంగానూ ఉంది. తప్పంతా నీ మీద వేయనులే."

ఆమె చేతిలోని చొక్కాని పిండిందే పిండింది.

తనకి కుట్టుపని నేర్పింది పిన్ని. చిన్నప్పుడు పిన్ని దగ్గరే పెరిగింది. మనసు ఆగక మర్నాడు పిన్నికి ఫోన్ చేసింది.

"పిన్నీ, నేను మొదట్లో కుట్టినవన్నీ బాగుండేవా?"

"బాగుండడమా! నువ్వు కుట్టిన మొదటి దిండు గలీబు ఇటు నుంచి చూస్తే దిండు, అటు నుంచి చూస్తే సంచీ."

"మరి నువ్వు ఏమీ అనేదానివి కాదే? విప్పి మళ్ళీ కుట్టేదానివి కూడా కాదు. ఎందుకని?"

ఏదో మంచిమాట చెబుతుందని ఆశగా చెవి ఒగ్గింది. అవతల పిన్ని ఫెళ్ళున నవ్వింది.

"ఎక్కడ తీరిక తల్లీ నాకు! నా పనే నాకు నెత్తి మీద ఉండేది. పోనీలే, తల పెట్టుకోడానికి పనికొస్తుందిగా అని వేసుకుని పడుకునేదాన్ని. నువ్వేమో, పిన్ని నా గలీబే వేసుకుంటుందని వీధంతా చాటింపు వేసేదానివి."

ఫోన్ పెట్టేశాక డేగక్క తనలో తను నవ్వుకుంది, కళ్ళు తుడుచుకుంది కూడా. పిన్నికి తీరిక లేకపోవడం తనకి ఎంత మేలు చేసిందో!

అన్నాలు తినేటప్పుడు పిల్లలతో మాట్లాడింది. ఉపన్యాసం ఇవ్వలేదు, చిన్నప్పటి నీళ్ళ బిందెల ఊసు ఎత్తలేదు.

"నా ఒక్కదాని వల్ల కావడం లేదురా. సాయం కావాలి. ఎవరికి ఏ పని ఇష్టమో మీరే చెప్పండి. ఆ పని ఇక వాళ్ళదే. నేను వేలు పెట్టను."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నిజంగా వేలు పెట్టవా?" అంది పెద్దది.

"పెట్టను."

"కళ్ళు?"

భర్తకి పొలమారింది. డేగక్క కాస్త ఆలోచించి, "కళ్ళు నా చేతిలో లేవే. నోరు మాత్రం మూసుకుంటాను" అంది.

పెద్దది బట్టలు ఆరేసి మడతపెట్టే పని తీసుకుంది. బాల్కనీలో నిలబడితే వీధి కనిపిస్తుంది, అది కారణం. నడిమివాడు వంట కావాలన్నాడు. మంట దగ్గర నాన్న పక్కన ఉండాలన్న షరతు మీద వాడికి కూరలు తరగడం, గుడ్లు కొట్టి వేయడం దక్కాయి. చిన్నది చెప్పులన్నీ తనవేనంది. మిగిలిన అంట్లు ఎవరివో ఎవరూ అడగకముందే భర్త గొంతు సవరించుకున్నాడు. "అవి నావి. పాత బాకీ."

ఇక మొదలైంది డేగక్క అసలు పరీక్ష.

నడిమివాడు తరిగిన బంగాళాదుంప ముక్కలు ఒకటి గోళీ అంత, ఒకటి గుప్పెడంత. గుడ్డట్టులో పెంకులు పంటి కింద కరకరమన్నాయి. అందరూ తిన్నారు. "ఎలా ఉందమ్మా?" అని వాడు ఆమె నోటి వంక చూస్తుంటే, పెంకు ముక్కని నాలికతో దవడ పక్కకి తోసి, "ఉప్పు సరిగ్గా పడిందిరా" అంది. అది నిజమే. వాడు బంతిలా ఎగిరి, "ఉప్పు నేనే వేశా!" అని మేడ అంతా వినపడేలా అరిచాడు.

చిన్నది చెప్పులు వరసగా పెట్టింది. మర్నాడు పొద్దున్న డేగక్క తొడుక్కోబోతే తన చెప్పు ఒకటే ఉంది, దాని పక్కన భర్త పెళ్ళిళ్ళకి వేసుకునే బూటు. ఇంకో పక్కన ఆయన రెండో బూటు, దాని పక్కన తన రెండో చెప్పు.

"ఇదేంటి బంగారూ?" అంది. అడిగాక నాలిక కరుచుకుంది.

"అమ్మ పక్కన నాన్న ఉండాలిగా" అంది చిన్నది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "అక్క పక్కన అన్నయ్య. నావి రెండూ మధ్యలో."

డేగక్క కాసేపు ఆ వరస వైపే చూసి, తన చెప్పులు తను వెతుక్కుని తొడుక్కుని ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆ రోజు నుంచి పొద్దున్నే చెప్పు వెతుక్కోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

అన్నింటికన్నా కష్టమైంది బట్టలు. పెద్దది చొక్కాలని భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి ఆరేసేది. ఆరాక భుజాల మీద రెండు చెవులు లేచి నిలబడేవి. ఆ చెవులు చూస్తే డేగక్కకి ఒళ్ళంతా గోకినట్టుండేది. చేతులు కట్టుకుని, గోళ్ళు మోచేతుల్లోకి దిగేలా పట్టుకుని నిలబడేది. చివరికి ఒకరోజు మధ్యాహ్నమే ఫ్యాక్టరీలో కరెంటు పోయి అందర్నీ ఇంటికి పంపేశారు. ఇంట్లో భర్త గురక తప్ప ఏ అలికిడీ లేదు. బాల్కనీలో పెద్దదాని బడి చొక్కా చెవులేసుకుని ఊగుతోంది. ఎవరు చూస్తారులే అనుకుంది. క్లిప్పులు తీసింది, చొక్కా తిరగేసింది, అడుగు అంచు దగ్గర పెట్టింది. చెయ్యి ఊరుకోలేదు, పక్క చొక్కా కూడా తిరగేసింది.

ఎందుకో కిందికి చూసింది. వీధిలో, బడి సంచీ భుజాన వేసుకుని, పెద్దది తల ఎత్తి నిలబడి ఉంది.

పిల్ల పైకి వచ్చింది. సంచీ ఒక మూల పెట్టి పుస్తకం తెరుచుకుంది. మర్నాడు ఉతికిన బట్టలు బకెట్లో అలాగే ఉండిపోయాయి. ఆ మర్నాటికి ఒక రకమైన ముక్కిన వాసన మొదలైంది. నడిమివాడు ముక్కు మూసుకుని బాల్కనీకి వెళ్ళడం మొదలుపెట్టాడు. భర్త బకెట్ వంక చూశాడు, భార్య వంక చూశాడు, అంట్లు తోమడానికి వెళ్ళిపోయాడు.

డేగక్క వెళ్ళి కూతురి పక్కన నేల మీద కూర్చుంది.

"మాట తప్పాను" అంది.

పెద్దది పేజీ తిప్పలేదు. చదవడమూ లేదు.

"ఫ్యాక్టరీలో పొద్దున్నుంచీ తప్పులే వెతుకుతాను. వెతకకపోతే ఉద్యోగం ఉండదు. ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి పోవడం లేదు. నీ పని బాగాలేదని కాదే. నా చేతులకి ఊరుకోవడం రాదు. నువ్వు ఆరేయడం నేర్చుకుంటున్నావు చూడు, నేను ఊరుకోవడం నేర్చుకుంటున్నాను. నాకే ఎక్కువ రోజులు పట్టేలా ఉంది."

పిల్ల పెదవి బిగించింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నేను చేసింది ఒక్కటీ నీకు నచ్చదు" అంది.

డేగక్క కూతుర్ని దగ్గరికి లాక్కుంది. పిల్ల మొదట బిగుసుకుంది, తర్వాత తల అమ్మ భుజం మీద ఆనించింది.

"ఇకమీద నువ్వు అడిగితేనే చెప్తాను. అడక్కపోతే చెప్పను" అంది డేగక్క చివరికి.

"నేను అడగను."

"సరే, అడగొద్దు."

బకెట్ నీళ్ళు మార్చి ఇద్దరూ కలిసి బట్టలు జాడించారు. ఆరేయడం పెద్దదే ఆరేసింది. భుజాలకే క్లిప్పులు పెట్టింది, పెట్టి అమ్మ వంక చూసింది. డేగక్క వీధిలోకి చూస్తూ, పోతున్న సైకిళ్ళని మెచ్చుకుంటున్నట్టు నిలబడింది.

చాలా రోజుల వరకు చెవులు అలాగే ఉన్నాయి. ఆ చెవుల చొక్కాతోనే పిల్ల బడికి వెళ్ళి వచ్చేది. ఒక సాయంత్రం ఎందుకో అద్దం ముందు నిలబడి భుజాలు నొక్కుకుంటూ, అటు చూడకుండానే అడిగింది.

"అమ్మా, ఫ్యాక్టరీలో చొక్కాలకి ఇలా చెవులు ఎందుకు ఉండవు?"

డేగక్కకి పరుగెత్తుకెళ్ళాలనిపించింది. పరుగెత్తలేదు. తీరిగ్గా చేతులు తుడుచుకుని వచ్చి, ఒక చొక్కా తలకిందులుగా పట్టుకుని, క్లిప్పు ఎక్కడ పెట్టాలో ఒక్కసారి చూపించింది. చూపించి చొక్కా కూతురి చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనక నుంచి, "ఓ, అంతేనా!" అన్న మాట వినిపించింది. ఆ తర్వాత తమ్ముడికి పాఠం చెప్పడం కూడా వినిపించింది. "ఒరేయ్, ఇటు రా, చొక్కా ఎలా ఆరేయాలో నేను చెప్తా, నేర్చుకో."

అలాగని ఆ పిల్లలు రాత్రికి రాత్రి బుద్ధిమంతులైపోలేదు. నడిమివాడికి బద్ధకం పుట్టిన రోజులున్నాయి, పెద్దదానికి పుస్తకం వదలబుద్ధి కాని రోజులున్నాయి. "నిన్న నేనే చేశా" అనే మాట ఆ ఇంట్లో ఇప్పటికీ వినపడుతుంది. సోఫా వెనక దుమ్ము ఉంటుంది. గిన్నెల అడుగున జిడ్డు ఉంటుంది, భర్త దాన్ని "రుచి" అంటాడు. ఫ్యాక్టరీలో డేగక్క డేగక్కే. అక్కడ ఒక్క పోగు లేచినా వదలదు. తేడా అల్లా, ఇప్పుడు బాణం అంటించి ఊరుకోకుండా, కొత్తగా చేరిన పిల్లల దగ్గరికి తనే లేచి వెళ్ళి, ముందు ఏది బాగుందో చెప్పి తర్వాత ఏది జారిందో చూపిస్తుంది. గుండీలు కుట్టే అమ్మాయి ఇది చూసి, "అక్కకి వంట్లో బాగాలేదా ఏంటి?" అని అందర్నీ అడిగిందట.

ఈ మధ్య ఒక సాయంత్రం అన్నాలయ్యాక, వంటింట్లో పిల్లలు ముగ్గురే ఉన్నారు. నాన్నకి ఆ పూట సెలవు ఇచ్చామని వాళ్ళే ప్రకటించారు. డేగక్కకి ఏం చేయాలో తోచలేదు. కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది.

"అలా కిందికి వెళ్ళి నడిచొద్దామా?" అన్నాడు భర్త.

పిల్లలు పుట్టాక వాళ్ళిద్దరే, చేతిలో సంచీ గానీ చంకలో బిడ్డ గానీ లేకుండా వీధిలోకి రావడం అదే మొదలేమో. దుకాణాల దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. చల్లటి గాలి వీస్తోంది. ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. వీధి చివరి దాకా వెళ్ళి తిరిగి వచ్చి, తమ బాల్కనీ కిందికి చేరేసరికి పైనుంచి ఢాం, ఖణేల్ అని పెద్ద చప్పుడు. ఏదో గిన్నె దొర్లుకుంటూ దొర్లుకుంటూ ఎక్కడికో పోయింది. ఆ వెంటనే నిశ్శబ్దం.

భర్త ఒక్క ఉదుటున మెట్ల వైపు తిరిగాడు. డేగక్క అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. తల ఎత్తి, చెవులు రిక్కించి విన్నది. పైనుంచి ముందు చిన్నదాని నవ్వు, దాని వెంట మిగతా ఇద్దరి నవ్వూ వినిపించాయి.

"ఎవరూ ఏడవలేదు. పదండి, ఇంకో చుట్టు తిరిగొద్దాం" అంది.